ఆన్‌లైన్ థెరపీ 50 నిమిషాలకు 1,800 అంటున్నారు, ఇది మామూలు ఫీజేనా? చేరేముందు ఏం అడగాలి?

గుంటూరు_27:

అందరికీ నమస్కారం. ఇక్కడ రెండేళ్లుగా చదువుతూనే ఉన్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. మాది గుంటూరు, ప్రైవేటు బ్యాంకులో పని చేస్తాను, నెలకు చేతికి 31 వేలు వస్తాయి. నాన్న పోయి ఎనిమిది నెలలైంది. నాలుగు నెలల నుంచి రాత్రి రెండింటికో మూడింటికో ఉలిక్కిపడి లేస్తున్నాను, గుండె దడదడలాడుతుంది, చేతులు చల్లబడిపోతాయి, నేనూ ఇక పోతానేమో అనిపిస్తుంది. రెండుసార్లు అర్ధరాత్రి ఆటోలో హాస్పిటల్‌కి పరిగెత్తాం. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్. రెండోసారి డాక్టరు గారు, "గుండెకేమీ కాలేదమ్మా, ఇది పానిక్ ఎటాక్, సైకాలజిస్టును కలువు" అన్నారు.

మా ఊళ్లో ఎవరి దగ్గరికైనా వెళ్తే వెయిటింగ్ హాల్లో మా బ్యాంకు కస్టమర్ ఒకరైనా కనిపిస్తారు, అందుకే ఆన్‌లైన్‌లో వెతికాను. హైదరాబాద్‌లో ఒకావిడ ఉన్నారు, ఏ యాప్‌తోనూ సంబంధం లేకుండా సొంతంగా ప్రాక్టీస్ చేస్తున్నారు, తెలుగులో మాట్లాడతారు. ఒక్కరికైతే 50 నిమిషాలకు 1,800, భార్యాభర్తలు కలిసి వస్తే 75 నిమిషాలకు 2,800, నాలుగు సెషన్లకు ముందే కడితే 6,400. మొదట 15 నిమిషాల ఫోన్ ఉచితం. 24 గంటల ముందు చెప్పకుండా మానేస్తే మొత్తం ఫీజు కట్టాలి.

వారానికొకటి అంటే నెలకు 7,200, నా జీతంలో దాదాపు పావు వంతు. అమ్మకు చెబితే "మాట్లాడటానికి పద్దెనిమిది వందలా, నాతో మాట్లాడు, నేను లేనా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంతకీ ఆ 50 నిమిషాల్లో ఏం చేస్తారు? మందులు కూడా వాళ్లే రాస్తారా? ఎన్ని నెలలు పడుతుంది? ఫీజు కొంచెం తగ్గించమని అడిగితే తప్పుగా అనుకుంటారా? దయచేసి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సాగరతీరం:

ముందు ఒక మాట, మీరు రాసిన రాత్రి రెండింటి సంగతి అక్షరాలా నాదే. నాది విశాఖ. కోవిడ్ అప్పుడు కొన్న ఆక్సిమీటర్ నా దిండు కింద ఉండేది, మెలకువ వచ్చినప్పుడల్లా వేలికి పెట్టుకుని అంకె చూసుకునేవాణ్ని, 98 ఉన్నా నమ్మకం కుదిరేది కాదు, మళ్లీ పెట్టేవాణ్ని. ఒక్కో రాత్రి ఎనిమిది తొమ్మిది సార్లు.

ఫీజు సంగతికొస్తే 1,800 ఎక్కువేమీ కాదు, తక్కువా కాదు. నేను వెతికినప్పుడు 800 నుంచి 3,000 దాకా చూశాను. నేను చేరిన చోట 1,500. మొత్తం 14 సెషన్లు అయ్యాయి, అంటే 21 వేలు. మొదటి ఎనిమిది వారానికొకటి, తర్వాత పదిహేను రోజులకొకటి. అంతకుముందు గుండె పరీక్షలకూ క్యాజువాలిటీలకూ నేను పెట్టిన డబ్బు ఇంతకన్నా ఎక్కువే.

అక్కడ ఏం చేస్తారని అడిగారు కదా. మొదటి సెషన్ అంతా ప్రశ్నలే: నిద్ర, తిండి, కాఫీలు ఎన్ని, ఇంట్లో ఎవరెవరు, మొదటి ఎటాక్ ఎప్పుడు వచ్చింది, అప్పుడు ఏం చేస్తున్నాను. నాకు కొంచెం నిరాశగా అనిపించింది, డబ్బు కట్టింది నేనే జవాబులు చెప్పడానికా అని. నాలుగో సెషన్‌లో మాత్రం మా థెరపిస్టు గారు నన్ను కెమెరా ముందు లేచి నిలబడమన్నారు, ఉన్నచోటే ఒక నిమిషం పరిగెత్తమన్నారు. అంతకు ముందు ఒక కాగితం మీద "ఇప్పుడు ఏమవుతుందని భయం?" అని రాయించారు. నేను "కళ్లు తిరిగి పడిపోతాను" అని రాశాను. పరిగెత్తాను. గుండె అదిరిపోతోంది, సరిగ్గా రాత్రి వచ్చే దడ లాగే. కూర్చోవద్దు, నాడి చూసుకోవద్దు, అలాగే ఉండండి అన్నారు. రెండు మూడు నిమిషాలకు అదే తగ్గింది. ఆ కాగితం మీద రెండో గడిలో "పడిపోలేదు" అని నా చేత్తో నేనే రాసుకున్నాను. తర్వాతి వారం అంతా అదే హోంవర్క్, మెట్లెక్కడం, సన్నటి స్ట్రా తో గాలి పీల్చడం, అన్నీ ఆ దడను కావాలని తెచ్చుకోవడానికే. శరీరంలో వచ్చే దడకు మనం భయపడటం మానేస్తే ఎటాక్ ముదరదు, ఇది పానిక్‌కి సీబీటీలో, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే థెరపీలో, మామూలుగా చేయించే పనే అని తర్వాత తెలిసింది. అయితే మీ పరీక్షలన్నీ నార్మల్ అని వాళ్లకు చెప్పాకే ఇవి చేయాలి, యూట్యూబ్ చూసి సొంతంగా మొదలుపెట్టకండి.

అమ్మగారు అడిగినదానికి జవాబు ఇదే అనుకుంటాను. మా అమ్మ నాతో ఎంతైనా మాట్లాడుతుంది, కానీ నేను పరిగెత్తుతూ ఆయాసపడుతుంటే చూస్తూ ఊరుకోలేదు, మంచినీళ్లు తెచ్చి కూర్చోబెడుతుంది.

ఇంకొకటి, ఇది నా చేదు అనుభవం. దీనికి ముందు ఒక యాప్‌లో పది సెషన్ల ప్యాకేజీకి 9,000 కట్టాను. నాలుగు సెషన్లకు ముగ్గురు థెరపిస్టులు మారారు, ప్రతి ఒక్కరికీ కథ మొదటి నుంచి చెప్పాలి. విసుగొచ్చి ఆపేస్తే మిగతా ఆరింటి గడువు మూడు నెలల్లో అయిపోయిందన్నారు, రూపాయి తిరిగి రాలేదు. అందుకని 800 తగ్గుతుందని నాలుగింటికి ముందే కట్టకండి. ఒకటి చేసి చూడండి, కుదిరితే అప్పుడు ప్యాకేజీ. మధ్యలో ఆపేస్తే మిగతా డబ్బు ఇస్తారా అన్నది రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్‌లో అయినా, అడిగి తీసుకోండి.

ఎర్ర_మందారం:

నేను ఈ పనిలోనే ఉన్నాను, క్లినికల్ సైకాలజిస్టును, ఆరేళ్లుగా సొంతంగా ఆన్‌లైన్‌లో చూస్తున్నాను. మీరు చెప్పిన వ్యక్తి ఎవరో నాకు తెలియదు, తెలిసినా ఇక్కడ చెప్పను. ప్రశ్నలకు మాత్రం సూటిగా చెబుతాను.

మందులు సైకాలజిస్టు రాయరు, రాయకూడదు. మందులు రాసేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీ చదివిన డాక్టరు. 2020 మార్చిలో కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం వాళ్లు వీడియోలో చూసి కూడా కొన్ని మందులు రాయవచ్చు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో నిద్ర పూర్తిగా పోయినవాళ్లను, బరువు తగ్గిపోతున్నవాళ్లను, చనిపోవాలనిపిస్తోంది అనేవాళ్లను సైకియాట్రిస్టు దగ్గరికి కూడా పంపుతాను. ఒక్క సెషన్‌లోనే "మందులు అక్కర్లేదు, అవన్నీ విషం" అనే థెరపిస్టు ఎదురైతే అక్కడ ఆగకండి.

అసలైన వాళ్లేనా అని తెలుసుకోవడం ఇలా. 'క్లినికల్ సైకాలజిస్ట్' అని పెట్టుకున్నవాళ్లకు 1992 చట్టం కింద ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగండి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. నన్ను ఎవరైనా అడిగితే నాకు సంతోషమే, కోపం వచ్చేవాళ్లయితే అదే మీకు జవాబు. ఎంఏ, ఎంఎస్సీ సైకాలజీ చేసి కౌన్సెలింగ్ చేసేవాళ్లలో చాలామందికి ఈ నంబరు ఉండదు, వాళ్లలో చాలా మంచివాళ్లు ఉన్నారు. వాళ్లనైతే ఎక్కడ చదివారు, ఎవరి పర్యవేక్షణలో ఎన్నాళ్లు పని నేర్చుకున్నారు, పానిక్ కేసులు చూశారా అని అడగండి. వారం రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో 'మైండ్ కోచ్' అని బోర్డు పెట్టినవాళ్లు కూడా ఇదే ఫీజు తీసుకుంటున్నారు, నా బాధ అదే.

ఫీజు ఎందుకంత అన్నదానికి. నేను రోజుకు నలుగురిని, మరీ అయితే ఐదుగురిని చూస్తాను. అంతకు మించితే ఆరో మనిషి చెప్పింది నా చెవికెక్కదు. ఒక్కో సెషన్ తర్వాత పది పదిహేను నిమిషాలు నోట్స్ రాసుకోవాలి, తర్వాతి వారానికి సిద్ధం కావాలి. నెలకు రెండుసార్లు నా సీనియర్‌కు ఫీజు కట్టి నా కేసులు, పేర్లు చెప్పకుండా, చర్చించుకుంటాను, దాన్నే సూపర్‌విజన్ అంటాం. మనిషి రాకపోతే ఆ గంట ఖాళీ, దాన్ని వేరేవాళ్లకు ఇవ్వలేను, 24 గంటల రూలు అందుకే. కానీ జ్వరం వచ్చిందనో ఇంట్లో ఎవరో పోయారనో చెబితే నేను తీసుకోను. మీరు చేరే చోట ఆ వెసులుబాటు ఉందేమో, కరెంటు పోయి నెట్ తెగిపోతే ఎవరి బాధ్యతో ముందే అడగండి. నా వైపు నెట్ పోతే ఆ సెషన్ మళ్లీ ఇస్తాను.

ఫీజు తగ్గించమని అడగడం తప్పే కాదు. సొంతంగా ప్రాక్టీస్ చేసే మాలో చాలామంది ఆదాయాన్ని బట్టి ఫీజు పెట్టిన సీట్లు కొన్ని ఉంచుకుంటాం. నావి మూడు, 700 నుంచి 1,000 మధ్య. అవి నిండితే వెయిటింగ్ లిస్టు. బతిమాలనక్కర్లేదు, జీతం స్లిప్పు చూపించనక్కర్లేదు, "నెలకు నేను ఇంత దాకా పెట్టగలను, ఏదైనా దారి ఉందా?" అంటే చాలు. లేదంటే వారానికొకటి కాకుండా మొదటి నెల వారం వారం, తర్వాత పదిహేను రోజులకోసారి అని మాట్లాడుకోవచ్చు. ఎన్నాళ్లు అన్నది ఎవరూ గ్యారంటీగా చెప్పలేరు. సీబీటీ లాంటివి సాధారణంగా 6 నుంచి 20 సెషన్లు. మీ విషయంలో పానిక్ ఒక్కటే కాదు, నాన్నగారు పోయిన దుఃఖం కూడా ఉంది, దానికి లెక్క కట్టలేం. కానీ నాలుగైదు సెషన్ల తర్వాత "మనం ఎక్కడున్నాం?" అని మీరు అడగాలి, వాళ్లు చెప్పాలి.

గోప్యత గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. మీరు చెప్పింది అమ్మకు గానీ బ్యాంకుకు గానీ చెప్పరు, ఆ హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే రాసి ఉంది. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉన్నప్పుడు, పిల్లల మీద లైంగిక హింస బయటపడినప్పుడు, కోర్టు ఆదేశం ఉన్నప్పుడు మాత్రం మేము మౌనంగా ఉండలేం. చేరేటప్పుడు సంతకం చేయించుకునే కాగితంలో ఇవి ఉండాలి, మీరున్న అడ్రసు, అత్యవసరానికి ఒక దగ్గరివాళ్ల నంబరు కూడా అడుగుతారు. ఇవేవీ అడక్కుండా యూపీఐ క్యూఆర్ కోడ్ మాత్రమే పంపితే అనుమానించండి.

గుంటూరు_27:

ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు. "పడిపోలేదు" అని రాసుకున్నారన్నచోట ఏడ్చేశాను. ఇంకో రెండు సందేహాలు. మాది రెండు గదుల ఇల్లు, గోడకు ఇవతల తుమ్మితే అవతల వినిపిస్తుంది, నాన్న గురించి అమ్మ వినేలా ఎలా మాట్లాడను? ఆఫీసు ఇన్సూరెన్సులో ఇది వస్తుందా?

కరీంనగర్_నుంచి:

హెల్త్ క్లెయిముల డెస్కులో పని చేస్తాను కాబట్టి రెండో దానికి నేను చెబుతాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. శరీరానికి వచ్చే జబ్బుకు ఎలా ఇస్తారో మనసుకు వచ్చిన జబ్బుకూ అలాగే ఇన్సూరెన్సు ఇవ్వాలని దాని 21వ సెక్షన్ చెబుతుంది. కానీ చాలా పాలసీలు అడ్మిట్ అయితేనే డబ్బు ఇస్తాయి, జ్వరానికి డాక్టరు ఫీజు రానట్టే థెరపీ ఫీజూ రాదు. మీ పాలసీలో ఓపీడీ కవర్, అంటే అడ్మిట్ కాకుండా చూపించుకున్నా డబ్బు ఇచ్చేది, ఉందేమో, ఉంటే సైకాలజిస్టు ఫీజు అందులో పడుతుందో లేదో హెచ్‌ఆర్‌ని కాకుండా కార్డు వెనక ఉన్న నంబరుకే ఫోన్ చేసి అడగండి, ఆఫీసులో చెప్పనక్కర్లేదు. పడుతుందంటే డాక్టరు రిఫరెన్సు చీటీ, రిజిస్ట్రేషన్ నంబరుతో ఉన్న రసీదు అడుగుతారు. అందుకని ప్రతి సెషన్‌కీ రసీదు తీసుకోండి. కొన్ని కంపెనీలు ఉద్యోగులకు ఏడాదికి నాలుగో ఆరో కౌన్సెలింగ్ సెషన్లు ఉచితంగా ఇస్తాయి, అదీ కనుక్కోండి.

సాగరతీరం:

చోటు గురించి: నేను కారులో కూర్చునేవాణ్ని, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఫోన్ స్టీరింగ్‌కి ఆనించి. కారు లేకపోతే డాబా మీద వాటర్ ట్యాంకు నీడ కూడా పనికొస్తుంది, ఉదయం ఏడింటికి ఎవరూ రారు. ఇంట్లోనే అయితే తలుపు బయట టేబుల్ ఫ్యాన్ పెట్టి ఫుల్‌లో తిప్పండి, ఆ హోరులో మాట బయటికి వినిపించదు. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. ఎవరైనా లోపలికి వస్తే చెప్పడానికి మేము ఒక మాట అనుకున్నాం, నేను "లోను స్టేట్‌మెంట్ పంపుతాను" అంటే ఆయన వెంటనే టాపిక్ మార్చేసేవారు. మీరు బ్యాంకే కదా, మీకు ఇంకా సులువు.

గోదారి_గట్టు:

తల్లీ, నేను రిటైరైన టీచర్ని, రాజమండ్రి. ఫీజులూ రూళ్లూ వీళ్లు బాగా చెప్పారు, నేను మీ అమ్మ వైపు నుంచి ఒక మాట చెబుతాను. మావారు పోయినప్పుడు మా అబ్బాయికి నీ వయసే. వాడు నా ముందు ఒక్కసారి ఏడవలేదు. నేను ఏడుస్తానని వాడు, వాడు ఏడుస్తాడని నేను, ఇద్దరం అన్నం ముందు కూర్చుని సీరియల్ చూసేవాళ్లం. "నాతో మాట్లాడరా" అని నేనూ అన్నాను, మీ అమ్మ అన్నట్టే. వాడు మాట్లాడితే నేను తట్టుకోలేనని వాడికి తెలుసు. బయటి మనిషి కావాల్సింది అందుకే. వాడు డబ్బు కట్టి ఎవరితోనో మాట్లాడుకున్నాడని తెలిసి మొదట నాకు చిన్నతనంగా అనిపించింది. ఐదారు వారాలకు ఒక రోజు వాడే వంటింట్లోకి వచ్చి, "నాన్న చొక్కాలు బీరువాలో అలాగే ఉంచుదామా, ఎవరికైనా ఇద్దామా" అని అడిగాడు. అప్పుడు ఇద్దరం ఏడ్చాం. కాబట్టి అమ్మకు దాచకు. "నీతో మాట్లాడలేక కాదు, నిన్ను ఏడిపించలేక" అని చెప్పి చూడు.

ఇంకొకటి, ఆమెకు కూడా భర్త పోయి ఎనిమిది నెలలే. టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ హెల్ప్‌లైన్ ఉంది, 14416, 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నేనే ఒక రాత్రి చేశాను, అవతలి అమ్మాయి నలభై నిమిషాలు ఓపిగ్గా విన్నది. నీ సెషన్ కుదిరేలోపు అర్ధరాత్రి లేచినప్పుడు ఆ నంబరుకు చెయ్యి, అమ్మకూ ఇవ్వు. డబ్బు మరీ ఇబ్బందైతే హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి, మీ గుంటూరు జీజీహెచ్‌లో కూడా సైకియాట్రీ విభాగం ఉంటుంది. అక్కడ రద్దీ ఎక్కువ, తీరిగ్గా వారం వారం 50 నిమిషాలు దొరకడం కష్టం, కానీ డాక్టరు చూస్తారు, మందులు ఇస్తారు.

డల్లాస్_తెలుగు:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, ఇదే విషయం మీద అడగాలి. నేను అమెరికాలో ఉంటాను, ఇక్కడ సెషన్‌కి 150 డాలర్లకు తక్కువ ఎవరూ దొరకలేదు, పైగా అత్తగారు, ఆడపడుచు అంటే అదేమిటో మొదట పది నిమిషాలు వివరించాలి. హైదరాబాద్ వాళ్లను ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చా?

ఎర్ర_మందారం:

మీ బాధ నాకు వారానికి ఒకరైనా చెబుతారు. కానీ అమెరికాలో లైసెన్సు రాష్ట్రాల వారీగా ఉంటుంది, క్లయింటు ఎక్కడ కూర్చుని ఉంటే ఆ రాష్ట్రపు రూలు వర్తిస్తుంది. మీ డల్లాస్ ఉన్న టెక్సస్ లైసెన్సు నా దగ్గర లేదు, రేపు మీకు ఏదైనా ఆపద వస్తే ఇక్కడి నుంచి నేను ఎవరికి ఫోన్ చేయాలి? అందుకే నేను తీసుకోను. సైప్యాక్ట్ అనే ఒప్పందంలో ఉన్న రాష్ట్రాల సైకాలజిస్టులు, దానికి అనుమతి తీసుకుని ఉంటే, ఒకరి రాష్ట్రం నుంచి మరో రాష్ట్రం వాళ్లను వీడియోలో చూడవచ్చు, టెక్సస్ అందులో ఉంది. అంటే తెలుగు సైకాలజిస్టు కోసం డల్లాస్‌లోనే వెతకనక్కర్లేదు, ఒప్పందంలో ఉన్న ఏ రాష్ట్రంలోనైనా వెతకండి. ఆ సైకాలజిస్టు మీ ఇన్సూరెన్సు జాబితాలో లేకపోతే సూపర్‌బిల్, అంటే సెషన్ల వివరాలున్న రసీదు, అడగండి, దాన్ని ఇన్సూరెన్సుకు పంపితే కొంత డబ్బు వెనక్కి రావచ్చు.

గుంటూరు_27:

పది రోజుల తర్వాత రాస్తున్నాను. ఆ 15 నిమిషాల ఫోన్ చేశాను. రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి గొంతు వణికింది, ఆవిడ వెంటనే మెసేజ్ పెట్టారు, వెబ్‌సైట్‌లో చూసుకున్నాను, ఉంది. నెలకు 4,500 దాకా పెట్టగలనని చెప్పాను. సాయంత్రం సీట్లకు తగ్గింపు లేదట, మంగళవారం ఉదయం ఏడింటికి ఒకటి ఉంది, 1,100. నెలకు 4,400. ముందు కట్టాల్సింది ఒక్క సెషన్‌కే. నెట్ సంగతి కూడా అడిగాను, ఇరవై నిమిషాల కన్నా ఎక్కువ పోతే మిగతాది ఇంకో రోజు ఫోన్‌లో పూర్తి చేస్తామన్నారు.

నిన్న మొదటిది అయింది. అంతా ప్రశ్నలే, సాగరతీరం గారు చెప్పినట్టే. చివర్లో ఎటాక్ ఎప్పుడు వస్తోందో, ఆ ముందు ఏం జరిగిందో రాసుకోమని ఒక పట్టిక ఇచ్చారు. రాత్రి 2:40కి లేచాను, 14416 కి చెయ్యబోయి, ముందు పట్టికలో రాద్దామని పెన్ను తీశాను. నాన్న పోయింది కూడా 2:40కే అని రాస్తుంటే గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ నాకు తట్టలేదు. వచ్చే మంగళవారం ఆవిడకు అదే చెప్పాలి.

పిన్నీ అనొచ్చో లేదో గానీ, గోదారి గట్టు పిన్నీ, మీరు చెప్పిన మాట అమ్మకు అలాగే చెప్పాను. ఏమీ అనలేదు. నిన్న పొద్దున సెషన్‌కి ముందు టేబుల్ ఫ్యాన్ తనే తెచ్చి నా తలుపు బయట పెట్టి, పాలు తెస్తానని కిందికి వెళ్లింది.